ఆదివారం పుట్టిన పిల్ల: లాడీ క్వాలి కుండలు

(సంఘం వార్షిక సభలో గిరిజన బాలికల వసతిగృహం వార్డెన్ ఒకరు చేసిన ప్రసంగం)

 

నన్ను "మన సంస్కృతి, యువత బాధ్యత" అనే అంశం మీద మాట్లాడమన్నారు. ఆ అంశం మీద నేను ఎన్నిసార్లు మాట్లాడానో నాకే లెక్క లేదు. మీరు కూడా విని విని ఉన్నారు. అందుకని ఈసారి కార్యదర్శి గారిని అడిగి అంశం మార్చుకున్నాను. ఒక కుండ గురించి, దాన్ని చేసిన ఒక ఆఫ్రికా తెగ మహిళ గురించి చెబుతాను. బాధ్యత సంగతి తర్వాత మీరే చూసుకోండి.

ఇది మా హాస్టల్లో మొదలైంది. ఒక రాత్రి స్టడీ అవర్‌లో ఏడో తరగతి పిల్లలు రకరకాల దేశాల నోట్ల బొమ్మలు చూస్తున్నారు. ఒక పిల్ల అడిగింది: "మేడం, నోటు మీద మనలాంటోళ్ళ బొమ్మ ఎక్కడన్నా ఉంటదా?" నాకు జవాబు తోచలేదు. తెలియదు, రేపు చెబుతానన్నాను. ఉపాధ్యాయ శిక్షణలో నేర్పినవాటిలో నాకు ఇప్పటికీ పనికొస్తున్నది ఆ ఒక్కమాటే. పిల్లలు పడుకున్నాక ఫోన్‌లో వెతికాను. నైజీరియా దేశపు 20 నైరాల నోటు కనబడింది. నోటుకి ముందువైపు ఆ దేశాన్ని ఏలిన సైనికాధికారి జనరల్ ముర్తాలా ముహమ్మద్. వెనకవైపు, కుండ చేస్తున్న ఒక ఆడమనిషి. ఆమె లాడీ క్వాలి.

పేరు సంగతి ముందు చెబుతాను. అక్కడి హౌసా భాషలో లాడీ అంటే ఆదివారం పుట్టిన పిల్ల. క్వాలి ఆమె ఊరు. మనలో సోమవారం పుట్టిందని సోమమ్మ, బుధవారం పుట్టిందని బుధమ్మ అని పెట్టడం లేదా? అంతే. పుట్టిన వారం, పుట్టిన ఊరు కలిపితే ఆమె పేరు. పుట్టింది 1925 ప్రాంతంలో. ఆమె జనాన్ని బయటివాళ్ళు గ్వారీ అంటారు, వాళ్ళు తమను తాము గ్బాగ్యీ అని చెప్పుకుంటారు. మనకూ ఇలాంటి రెండు పేర్ల గొడవ ఉంది కాబట్టి మీకు వివరించనక్కర్లేదు.

ఆ తెగలో కుండలు చేసేది ఆడవాళ్ళే. లాడీ చిన్నతనంలో మేనత్త దగ్గరో పిన్ని దగ్గరో ఈ పని నేర్చుకుంది. ఇంగ్లీషులో రెండింటికీ ఒకటే మాట కదా, నేను చదివినచోట ఎవరో తేల్చలేదు. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. మన కోయ గూడేల్లో కుండలు మనం చేసుకోం, కుమ్మరోళ్ళ దగ్గర తెచ్చుకుంటాం. కల్లు ముంతైనా, కొత్తల పండుగకి వండే కొత్త కుండైనా వాళ్ళ చేతిదే. కాబట్టి ఇది మన కళ అని చెప్పుకోవడానికి నేను రాలేదు. ఆమె దారిలో మనకు తెలిసిన గుంతలు చాలా ఉన్నాయి, అందుకు వచ్చాను.

ఇప్పుడు ఆమె కుండ ఎలా చేసేదో చూడండి. మన కుమ్మరి సారె తిప్పితే మట్టి తిరుగుతుంది, మనిషి కూర్చుంటాడు. లాడీ దగ్గర సారె లేదు. మట్టి కదలదు, మనిషే తిరుగుతుంది. ముందు కింది భాగానికి మట్టిముద్దను పిడికిలితో లోపల గుద్ది, గోడలు పైకి లాగుతుంది. తర్వాత మట్టిని లావు తాళ్ళలా చేసి, ఒకదాని మీద ఒకటి చుట్టి, వేళ్ళతో అదిమి కలుపుతుంది. చుడుతూ కుండ చుట్టూ తానే వెనక్కి వెనక్కి నడుస్తుంది. లోపలి నుంచి చెక్క బద్దతో తట్టి పొట్ట ఉబ్బేలా చేస్తుంది. నడుము వంచి, వెనక్కి నడుస్తూ, కొలబద్ద లేకుండా కుండను గుండ్రంగా తీసుకురావాలి. నేను ఆ ఫొటోలు చూసి, పక్కనున్న బిందె చుట్టూ అలా నాలుగు చుట్లు నడిచాను. నడుము పట్టేసింది.

కుండ పచ్చిగా ఉండగానే దాని మీద గీతలు. గాట్లు పెట్టిన చిన్న చెక్క రూళ్ళను తడి మట్టి మీద దొర్లిస్తే వరుసగా ముద్రలు పడతాయి. వాటి మధ్య బల్లి, తేలు, మొసలి, ఊసరవెల్లి, పాము, పక్షి. తర్వాత ఎండుగడ్డి, పుల్లలు పేర్చి బయటే మంట పెట్టి కాల్చడం. ఆవం లేదు. అలాంటి మంట మహా అయితే 800, 900 డిగ్రీల దాకా వెళ్తుంది. అవి నీళ్ళకి, వంటకి, ధాన్యానికి వాడుకునే కుండలు. బాగుండేవి కాబట్టి దొరల ఇళ్ళలో అలంకారానికీ పెట్టుకునేవాళ్ళు. అబుజా అనే ఊరి ఎమీర్, అంటే అక్కడి రాజు, తన కోటలో ఆమె కుండలు ఉంచుకున్నాడు.

1950లో ఆ కోటలో ఆ కుండల్ని మైకేల్ కార్డ్యూ అనే ఇంగ్లీషాయన చూశాడు. బ్రిటిష్ వలస ప్రభుత్వం ఆయన్ని నైజీరియాకి కుండల పని అధికారిగా పెట్టుకుంది. కుండల పనికి కూడా ఒక అధికారి! ఆయన గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే గాజుపూత కథ ఆయనతోనే వచ్చింది. ఇంగ్లాండులో పేరున్న కుమ్మరి బెర్నార్డ్ లీచ్ దగ్గర పని నేర్చినవాడు. అంతకుముందు, ఇప్పటి ఘనాలో పెద్ద కుండల కార్ఖానా నడపబోయి దెబ్బతిన్నాడు, తర్వాత వూమే అనే పల్లెలో మళ్ళీ ప్రయత్నించి జబ్బుపడి 1948లో ఇంటికి పోయాడు. అంటే ఓడిపోయి, మళ్ళీ వచ్చినవాడు. ఈసారి 1952లో అబుజాలో శిక్షణ కేంద్రం తెరిచాడు. మొదట చేరినవాళ్ళంతా మగవాళ్ళే. ఆ జనంలో తరతరాలుగా కుండ చేస్తున్నది ఆడవాళ్ళు, సర్కారు శిక్షణేమో మగవాళ్ళకి. ఇది ఆ ఊళ్ళో మాత్రమే జరిగిందనుకోకండి. మన దగ్గర అటవీ ఫలసాయం ఏరేది ఎవరు, శిక్షణకి పిలిచేది ఎవర్ని?

1954లో లాడీ క్వాలి అందులో చేరింది. మొదటి మహిళ ఆమే. అప్పటికే చేయి తిరిగిన పనిమనిషి. నేర్చుకోవడానికి వచ్చిందంటారు గానీ, నన్నడిగితే ఆ కేంద్రానికే ఆమె వల్ల పేరొచ్చింది.

ఇప్పుడు గాజుపూత. ఇంగ్లీషులో గ్లేజ్ అంటారు. మీ ఇంట్లో పచ్చడి జాడీ ఉంటే గుర్తు తెచ్చుకోండి. పైన గోధుమరంగు, కింద తెలుపు, నున్నగా మెరుస్తుంది. ఆ మెరుపు రంగు కాదు, గాజు. మామూలు మట్టికుండలో ఆవకాయ పెడితే ఉప్పూ నూనే మట్టిలోకి ఇంకి బయటికి ఊరుతాయి. జాడీలో ఊరవు. గాజు ఆపుతుంది.

ఎలా తయారవుతుందంటే, తెల్లరాయి పొడి, ఇంకో రకం రాతిపొడి, తెల్లమట్టి, సున్నం లేదా కట్టెల బూడిద నీళ్ళలో పలచగా కలిపి కుండను ముంచి తీస్తారు. సైన్సు చదివే పిల్లలు ఇది వినండి. తెల్లరాయి, అంటే సిలికా, ఒక్కటే కరగాలంటే 1,700 డిగ్రీలు దాటాలి. బూడిదలోని సున్నం, పొటాష్ దానితో కలిస్తే 1,300 లోపే కరిగిపోతుంది. అలా కరిగింది గోడ వెంట కారిపోకుండా తెల్లమట్టిలోని అల్యూమినా పట్టి ఉంచుతుంది. మూడింటిలో ఏది ఎక్కువైనా తక్కువైనా పూత పొక్కుతుంది, కారి అరకి అంటుకుంటుంది, లేదా గరుకుగా మిగిలిపోతుంది. కొలత మార్చడం, కాల్చడం, పాడైనవి పక్కనపెట్టడం, మళ్ళీ కొలవడం. మన పొయ్యి బూడిద కూడా ఇందుకు పనికొచ్చే సరుకే అని తెలిసి నేను ఆశ్చర్యపోయాను. మనం గిన్నెలు తోమి పారేస్తాం.

రంగు సంగతి ఇంకా వింత. పూతలో ఇనుము నూటికి ఒకటి రెండు పాళ్ళు ఉంటే, గాలి బాగా ఆడే మంటలో పసుపు, గోధుమ రంగు వస్తుంది. అదే పూతని గాలి తగ్గించి, పొగమంటలో కాలిస్తే ఆకుపచ్చ వస్తుంది. మంటకి ఆక్సిజన్ చాలక, పూతలోని ఇనుము దగ్గర్నుంచి లాక్కుంటుంది. అంతే తేడా. ఆ ఆకుపచ్చని సెలడాన్ అంటారు, చైనా కుమ్మరులు వెయ్యేళ్ళకి పైగా చేస్తున్నారు. అబుజాలో కట్టెల ఆవంలో, 1,300 డిగ్రీల దగ్గర, ఆ ఆకుపచ్చ తీశారు.

అయితే లాడీ ఊరి మట్టి ఆ వేడిని తట్టుకోదు, మెత్తబడి కూలిపోతుంది. కాబట్టి మట్టే మారింది. మట్టి మారితే చేయి మారాలి, అదెంత గట్టిగా నిలబడుతుంది, ఎంత ఆరనివ్వాలి, ఎంత కుంచించుకుపోతుంది, అన్నీ కొత్తవి. పూత కొలతలు కార్డ్యూవి, కేంద్రానివి. అది దాచక్కర్లేదు. కానీ ఆ పూత కింద ఏముండాలో తేల్చింది ఆమె. తన పాత పద్ధతిలోనే, సారె లేకుండా, చుట్టూ నడుస్తూ పెద్ద కుండ కట్టింది. తన తేళ్ళు, బల్లులు గీసింది. ఆ గీతల్లో తెల్లమట్టి నింపి, పైన ఆకుపచ్చ పూత. గాజు కరిగినప్పుడు పల్లం చూసి పారుతుంది కదా, గీతల్లో మడుగుకట్టి అక్కడ రంగు చిక్కనవుతుంది. అలా మామూలు మంటలో కాల్చిన కుండ మీద కళ్ళు చిట్లించి చూడాల్సిన బల్లి, ఇక్కడ నీళ్ళ అడుగున ఉన్నట్టు కనబడుతుంది.

ఆమె సారె కూడా నేర్చుకుంది. గిన్నెలు, జగ్గులు చేసింది. వాటిని ఎర్రమట్టి నీళ్ళలోనో తెల్లమట్టి నీళ్ళలోనో ముంచి, ముళ్ళపంది ముల్లుతో పైపొర గీకి బొమ్మలు వేసేది. ముళ్ళపంది ముల్లు! మన పిల్లలు అడవిలో దొరికితే తెచ్చి పెన్నుల డబ్బాలో పెట్టుకుంటారే, అదే. కానీ పెద్ద కుండలకి మాత్రం సారె వాడలేదు. కొత్తది చేతకాక కాదు, వచ్చి కూడా వాడలేదు. ఈ తేడా మీరు గమనించాలి.

ఇక్కడి దాకా కథ సంతోషంగానే ఉంది. ఇంకోవైపు కూడా చెప్పాలి.

మట్టికుండలో నీళ్ళెందుకు చల్లబడతాయి? మట్టికి సన్నని రంధ్రాలు ఉంటాయి. నీళ్ళు ఊరి పైకి వచ్చి ఆవిరవుతాయి, ఆవిరవుతూ వేడిని తీసుకుపోతాయి. గాజుపూత వేస్తే రంధ్రాలు మూసుకుపోతాయి. కుండ ఊరదు, నీళ్ళు చల్లబడవు. పొయ్యి మీద పెట్టే మట్టికుండకి మంట అలవాటు, ఈ గట్టి కుండని మంట మీద పెడితే ఫట్మంటుంది. అంటే పూత వేసిన రోజు నుంచి అది నీళ్ళ కుండ కాదు, వంట కుండ కాదు. చూసే కుండ. క్వాలి ఊళ్ళో ఒక ఇల్లాలు కొనుక్కుని నీళ్ళు పోసుకునే వస్తువు, లండన్‌లో ఒకాయన కొని అద్దాల బీరువాలో పెట్టే వస్తువు అయింది. ధర పెరిగింది. పని పోయింది. ఇది మంచా చెడా అని నన్ను అడక్కండి, నాకు రెండు రోజులకొక జవాబు వస్తోంది. కానీ ఏదో ఒకటి పోకుండా ఏదీ రాలేదన్నది మాత్రం ఆ కుండ మీదే కనబడుతోంది.

1958, 1959, 1962లో లండన్ బర్క్‌లీ గ్యాలరీస్‌లో అబుజా కుండల ప్రదర్శనలు జరిగాయి. బ్రిటిష్ ప్రభుత్వం ఎంబీఈ బిరుదు ఇచ్చింది. 1972లో అమెరికా అంతా తిరిగింది. ఆ పర్యటనల్లో జరిగింది ఇది: కార్డ్యూ మాట్లాడేవాడు, లాడీ కుండ చేసి చూపించేది. జనం చుట్టూ కూర్చుని చూసేవాళ్ళు.

ఇది చదివినప్పుడు నాకు గుండెలో ఏదో కలుక్కుమంది. ఎందుకంటే నేను చూశాను. ఒకసారి ఒక పెద్ద అధికారి వస్తున్నారని మా పిల్లల్ని రేలపాటకి ఆడమన్నారు. రెండు గంటలు ఎండలో నిలబెట్టారు. ఆడారు. అందరూ ఫోన్లు ఎత్తి వీడియో తీసుకున్నారు. మైకులో మన సంస్కృతి ఎంత గొప్పదో వేరేవాళ్ళు చెప్పారు. పిల్లల్ని ఒక్కరినీ పేరడగలేదు. మరునాడు పేపర్లో ఫొటో కింద "అలరించిన గిరిజన విద్యార్థినులు" అని వేశారు. ఆ రోజు పిల్లల్ని పంపింది నేనే, అడ్డు చెప్పలేదు. అది కూడా మీ ముందు చెప్పాలి.

లాడీ సంగతి అచ్చంగా అలాంటిదే అనను. కార్డ్యూ ఆమెను గౌరవించాడు, ఆమె పేరుతోనే కుండలు చూపించాడు. అబుజాలో కుండ అడుగున కేంద్రం ముద్రతోపాటు చేసినవాళ్ళ ముద్ర కూడా వేసేవాళ్ళు. ఆమె ముద్ర ఎల్, కె, రెండక్షరాలు. మట్టి ఆరకముందే వేయాలి, తర్వాత పడదు. ప్రపంచంలో ఎన్ని లక్షల మంది తెగల ఆడవాళ్ళు ఎంత గొప్ప కుండలు చేశారో, మ్యూజియంలో వాటి పక్కన తెగ పేరే ఉంటుంది, మనిషి పేరుండదు. ఈమెకి ఆ రెండక్షరాలు మిగిలాయి. మన దగ్గర ఆదిలాబాద్ వైపు ఉషేగావ్, కేస్లాగూడలో ఓజాలు మైనంతో అచ్చుతీసి ఇత్తడి బొమ్మలు పోస్తారు. ఆ ఆదిలాబాద్ డోక్రాకి 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మంచిదే. కానీ మీ ఇంట్లో ఒక డోక్రా బొమ్మ ఉంటే, అది చేసినాయన పేరు మీకు తెలుసా? మన కోయ కథలు పాడిన సకిని రామచంద్రయ్య గారి పేరు కూడా 2022లో పద్మశ్రీ వచ్చాకే మనలో చాలామందికి తెలిసింది.

లాడీ వెనకాలే ఇంకొందరు గ్వారీ ఆడవాళ్ళు ఆ కేంద్రంలోకి వచ్చారు. హలీమా ఔడూ, అసీబీ ఈడో, కాండే ఉషాఫా. వాళ్ళ పనికి వేరే గది, దాని పేరే డాకిన్ గ్వారీ, గ్వారీల గది. 1977లో జారియాలోని అహ్మదు బెల్లో విశ్వవిద్యాలయం లాడీకి గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 1980లో దేశపు పెద్ద పురస్కారం ఇచ్చారు. కేంద్రానికి ఆమె పేరు పెట్టారు. 1984లో చనిపోయింది.

నోటు దగ్గరికి మళ్ళీ వద్దాం. ముందువైపు జనరల్ ఉన్నాడన్నాను కదా. 1976 ఫిబ్రవరిలో, నైజీరియాకి కొత్త రాజధాని దేశం నడిబొడ్డున కట్టాలని నిర్ణయించింది ఆయన ప్రభుత్వమే. ఆ నడిబొడ్డు ఎవరి నేల? ఎక్కువగా గ్బాగ్యీ జనం నేల. రాజధానికి అబుజా అని పేరు కూడా ఆ పాత ఊరి దగ్గర తీసుకున్నారు, పాత ఊరికి సులేజా అని వేరే పేరు పెట్టాల్సి వచ్చింది. ఎన్నో ఊళ్ళ జనం నేల వదిలి కదలాల్సి వచ్చింది. లాడీ పుట్టిన క్వాలి కూడా ఇప్పుడు రాజధాని ప్రాంతంలోనే ఉంది. నిర్ణయం తీసుకున్నాయన ముందువైపు, ఆ నేల ఆడబిడ్డ వెనకవైపు, ఒకే నోటు. పోలవరం ముంపు ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు ఈ సభలో ఉన్నారు. వాళ్ళకి నేను ఇంకేం చెప్పను.

మరునాడు ఆ పిల్లకి నోటు చూపించాను. చాలాసేపు చూసి, "మేడం, ఈమె చెప్పులేసుకుందా?" అనడిగింది. బొమ్మలో అంత కనబడదు. తర్వాత, "మనమూ చేద్దాం" అంది.

చేశాం. చెరువు మట్టి తెచ్చి, రాళ్ళు ఏరి, తొక్కి, తాళ్ళు చుట్టి చిన్న ముంతలు పన్నెండు కట్టాం. ఆదివారం వరకు ఆగలేక మూడో రోజే పిడకల్లో పెట్టి కాల్చాం. టపటపా పేలాయి. పన్నెండులో ఒక్కటి మిగిలింది, అదీ బీటతో. మట్టి లోపల తడి ఉంటే ఆవిరై గోడని పగలగొడుతుందని పిల్లలకి చెప్పే టీచర్ని, తొందరపడింది కూడా నేనే. సందు చివర ఉండే కుమ్మరి అవ్వ వచ్చి చూసి ముందు నవ్వింది. తర్వాత పెంకు ఒకటి విరిచి వాసన చూసి, "ఇసుక కలపలేదేందమ్మా, నీడలో పది రోజులన్నా ఆరనియ్యాలె గదా" అంది. అవ్వ కొడుకులు ఇద్దరూ హైదరాబాద్‌లో ఉన్నారు. సారె అటకెక్కింది. "నేర్పుతావా అవ్వా" అంటే, "కూర్చుని నేర్పుత, లేవమంటే లేవ" అంది. ఇప్పుడు శనివారాలు వస్తోంది.

గాజుపూత మా వల్ల కాదు, ఆ వేడి పుట్టించే ఆవం మా దగ్గర లేదు. కానీ ఈసారి ఇసుక కలిపాం, నీడలో ఆరబెట్టాం. ప్రతి ముంత అడుగున చేసిన పిల్ల తన పేరు ముల్లుతో గీసుకుంది. కొందరు తెలుగులో, ఒకతె బొమ్మ మాత్రమే, అది తేలో ఎండ్రకాయో నాకు తెలియలేదు. అవ్వ చేసిన కుండ కింద ఏమీ లేదు. రాయమంటే, "నా కుండ నాకు తెల్వదా" అంది. ఇంకా అడుగుతున్నాం.

వచ్చే ఆదివారం పొద్దున్నే హాస్టల్ వెనక మళ్ళీ కాలుస్తున్నాం. చూడ్డానికి కాదు, పని చేయడానికి వచ్చేవాళ్ళు రండి. వచ్చేటప్పుడు తలా నాలుగు ఎండు పిడకలు తీసుకురండి. మా దగ్గరున్నవి వానకి తడిశాయి.